పదో లైను

ఆ ఏడాది నేను పాఠం చెప్పింది తక్కువ, గోడ అవతలి పాఠం విన్నది ఎక్కువ. నారాయణపేటలో మా సర్కారు హైస్కూలులో పదో తరగతికి రెండు సెక్షన్లు. మధ్యలో గోడ ఉంది గానీ అది పైన రేకుల దాకా పోదు, అడుగున్నర సందు వదిలేశారు. అవతల ఎవరైనా తుమ్మితే ఇవతల పిల్లలు తలలెత్తేవారు. ఆ సందులోంచి నవ్వులు వచ్చేవి. ఇంగ్లీషు పీరియడ్‌లో నవ్వులు! అప్పటికి పదకొండేళ్లుగా ఆ బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. నా క్లాసులో పిల్లలు నవ్వారంటే ఎవరో బెంచీ మీంచి కింద పడ్డారని అర్థం.

అంతకుముందు రెండు సెక్షన్లూ నావే. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు, చాలాకాలంగా ఖాళీగా ఉన్న రెండో ఇంగ్లీషు పోస్టులోకి ఒక మేడం బదిలీ మీద వచ్చింది. ముప్పై దాటి రెండు మూడేళ్లు ఉంటాయేమో. హైదరాబాదులో చదువుకున్న మనిషి. భర్తకు జడ్చర్లలో మందుల కంపెనీలో ఉద్యోగం, కాపురం అక్కడే. పొద్దున్నే బయలుదేరి మహబూబ్‌నగర్‌లో బస్సు మారి మా ఊరికి వచ్చేది. మా హెడ్మాస్టరును అందరం పెద్దసారు అంటాం. ఆయన 'ఎ' సెక్షన్ ఆమెకిచ్చి 'బి' నాకు ఉంచాడు. "నీకు బరువు తగ్గింది గద" అన్నాడు. బరువు తగ్గినట్టు నాకెక్కడా అనిపించలేదు. పళ్లెంలో ఉన్న రెండు జొన్న రొట్టెల్లో ఒకటి ఎవరో తీసుకుపోయినట్టు అనిపించింది.

మొదటి నెలంతా ఆమె ఎప్పుడు ఆలస్యంగా వస్తుందా అని ఎదురుచూశాను. అంత దూరం నుంచి బస్సులు మారి వచ్చే మనిషి వారానికి ఒక్కసారైనా బెల్లు దాటకుండా ఉంటుందా? ప్రార్థన వేళకు గేటు దగ్గర నిలబడి, పిల్లల గోళ్లు చూస్తున్నట్టు నటిస్తూ రోడ్డు చూసేవాణ్ణి. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఒకసారి వానకు బస్సు దారిలో ఆగిపోతే లారీ క్యాబిన్‌లో కూర్చుని వచ్చింది. చీర కుచ్చిళ్లకు బురద. పిల్లలు ఉరికి పోయి ఆమె చేతిలో సంచి అందుకున్నారు. పదకొండేళ్లలో నా సంచి ఎవరూ అందుకోలేదు. నేను అందుకోనిచ్చానా అనేది వేరే సంగతి, అది అప్పుడు నాకు తోచలేదు.

నా ఇంగ్లీషు కథ కొంచెం చెప్పాలి, లేకపోతే నా కుళ్లు అర్థం కాదు. మాది కేతేపల్లి దగ్గర పల్లె. బాపు, అమ్మ ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం కనబడేది గోడకు అడ్డం కట్టిన ఎరువు బస్తా మీదే, అదీ బాపు పనిచేసే ఆసామి పారేసిన బస్తా. నేను గైడు బట్టీ కొట్టి పాసయ్యాను. సింబల్ అంటే, కవితలో ఒక వస్తువు తన సంగతి చెబుతూనే ఇంకేదో చెప్పడం. ఇది నాకు ఏ సారూ చెప్పలేదు, గైడు కూడా ఇంత వివరంగా చెప్పలేదు. ఒక పట్టిక ఇచ్చింది అంతే. పావురం అంటే శాంతి, గులాబీ అంటే ప్రేమ, కొవ్వొత్తి అంటే త్యాగం, గుడ్లగూబ అంటే జ్ఞానం, చలికాలం అంటే చావు. ఆ పట్టికలతోనే నేను ఉద్యోగం కొట్టాను. బాపు చేతిలో పార పక్కన పెట్టించాను. అలాంటిదాన్ని ఎట్లా వదులుకుంటాను? ఏటా పదో తరగతికి దాన్ని బోర్డు మీద రాసేవాణ్ణి, పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవారు, పరీక్షలో దింపేవారు.

ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, గుడ్లగూబ ఇంటి మీద వాల్తె మా అవ్వ శాపనార్థాలు పెడుతది. గది జ్ఞానమెట్లయితది?"

"పరీక్షల జ్ఞానం, ఇంట్ల ఏదన్న అనుకో. కూసో" అన్నాను.

ఆ జవాబు నాకు తెగ నచ్చింది. స్టాఫ్ రూంలో రెండు మూడుసార్లు చెప్పుకుని నవ్వించాను కూడా. చలికాలం చావు ఎట్లవుతుందని మాత్రం ఎవరూ అడగలేదు, నాకూ అనుమానం రాలేదు. మా దిక్కు ప్రాణం తెరిపిన పడేదే చలికాలంలో. బోర్లు ఎండి గొడ్లు బక్కచిక్కేది ఎండాకాలంలో.

ఇక అసలు సంగతి ప్రాజెక్టు వర్కుతో మొదలైంది. పదో తరగతిలో పరీక్షలు కాక ప్రాజెక్టు వర్కుకు కొన్ని మార్కులుంటాయి. మా బడిలో ప్రాజెక్టు అంటే, పోయినేటి పిల్లల దగ్గర నోట్సు తెచ్చుకుని దింపడం, స్టేషనరీ దుకాణంలో అచ్చు బొమ్మల షీటు కొని అంటించడం, చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలు వేయడం. నేను పూలను బట్టి మార్కులు వేసేవాణ్ణి. అబద్ధమెందుకు, అందరం అంతే.

దసరా సెలవులు అయ్యాక ఒకరోజు గోడ అవతల మేడం గొంతు వినిపించింది.

"మీ ఇంట్లకెల్లి ఒక వస్తువు తేండ్రి. రోజూ చేత్తోని ముట్టేదై ఉండాలె. గది ఏం పని చేస్తది, ఎవరు పట్టుకుంటరు, ఎక్కడ పెడ్తరు, గదే ఇంగ్లీషుల కవిత లెక్క రాయండ్రి. పది లైన్లకు మించొద్దు. ఇంగ్లీషు మాట దొరకకపోతె తెలుగు మాటనే పెట్టుండ్రి. దాని అర్థమేందో మాత్రం రాయొద్దు. రాసినోళ్లకు మార్కులు కట్."

అర్థం రాస్తే మార్కులు కట్! నేను చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. అప్పుడు నా బోర్డు మీద సరిగ్గా గులాబీ పక్కన ప్రేమ అని రాసి ఉంది.

మరుసటి రోజు నుంచి 'ఎ' సెక్షన్‌లోకి సామాను రావడం మొదలైంది. రొట్టెల పెనం వచ్చింది, చేద తాడు వచ్చింది, ఒకడు వాళ్ల నాయిన గడ్డం గీసుకునే అద్దం తెచ్చాడు. నేను అటువైపు చూడనట్టే వరండాలో నాలుగుసార్లు తిరిగాను. ఒక అబ్బాయి తాళంకప్ప తెచ్చాడు. వాళ్ల అమ్మానాయిన ఏడాదిలో ఎనిమిది నెలలు బొంబాయిలో కట్టడం పనిలో ఉంటారు. వాడు ఇక్కడ చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటాడు. వాడి కవితలో ఒక లైను నాకు గోడ మీంచి వినబడింది. ఇంగ్లీషులో తడబడుతూ చదివాడు గానీ చెప్పింది ఇదీ: మా ఇంట్లో మా అందరికన్నా ఎక్కువ రోజులు ఉండేది మా తాళంకప్పే.

అవతల క్లాసు చప్పుడు లేకుండా అయిపోయింది. నా క్లాసు కూడా.

తర్వాత మేడం, "గిది వింటె మీకు ఏం యాదికొచ్చింది?" అని అడిగింది. ఒకరు ఇల్లు అన్నారు, ఒకరు కాపలా అన్నారు, ఒకమ్మాయి "మా నాయిన యాదికొచ్చిండు" అంది. మేడం అన్నింటికీ ఆఁ అంది. "ఇగ మీకు సింబల్ అంటె ఏందో తెలిసిపోయింది. నేను చెప్పేదేం లేదు" అంది.

ముందు నాకు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే కడుపు మండింది. రెండింటికీ మధ్య అర నిమిషం కూడా లేదు. నేను ముప్పై ఏళ్లు మోసిన పట్టికను ఆమె ఒక తాళంకప్పతో పక్కకు నెట్టేసింది. అదీ నా పిల్లలు వింటుండగా.

ఇంట్లో కూడా అదే గొణుగుడు. ఒకరోజు అన్నం దగ్గర నా భార్య చెయ్యి ఆపి నా ముఖం చూసింది. "గంటసేపట్ల ఆ మేడం ముచ్చట ఆరుసార్లు తీసిన్రు. గిట్లయితె కుళ్లుకోవాల్సింది నేను. మీరు కుళ్లుకుంటున్రేంది?"

"నాకేం కుళ్లు?"

"మరి పప్పుల ఉప్పు లేదు, చూసుకున్నరా?"

చూసుకోలేదు.

ఒప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆ వారమే నేను కూడా నా సెక్షన్‌లో కవిత ప్రాజెక్టు పెట్టాను. ఆమెను చూసి పెట్టానని ఎవరూ అనకుండా, "నేను ఎప్పటినుంచో అనుకుంటున్న" అని రెండుసార్లు చెప్పాను. ఒక్కసారి చెబితే నమ్మేవాళ్లేమో. మా పిల్లలకు నమూనా లేకుండా ఏదీ రాదని నా నమ్మకం. అందుకని బోర్డు మీద నేనే ఒకటి రాశాను. ఓ కొవ్వొత్తీ, ఓ కొవ్వొత్తీ, నువ్వు కరిగి మాకు వెలుగిస్తావు, నువ్వే త్యాగానికి సింబల్‌వి. కింద గీత గీసి, "ఇట్ల మీరు గూడ రాసుకొని రాండి" అన్నాను.

నా సెక్షన్‌లో ముప్పై ఎనిమిది మంది. సోమవారం ముప్పై ఒక్క కొవ్వొత్తులు వచ్చాయి. మిగతావాళ్లు కొంచెం తెగించి లాంతరు, టార్చిలైటు రాశారు. అన్నింటికీ ఓ, ఓ ఉంది, అన్నింటి చివరా త్యాగం ఉంది. సాయంత్రం స్టేషనరీ దుకాణాయన నన్ను ఆపాడు. "సారూ, కొవ్వొత్తి బొమ్మలు ఒక్కటి లేకుండ అమ్ముడువోయినయి. మీ బడిల ఏమన్న పండుగున్నదా?" నవ్వేసి వచ్చేశాను. లోపల మాత్రం ఆ దుకాణం షట్టర్ గుంజి ఆయన మీద వేయాలనిపించింది.

తప్పు నమూనా ఇవ్వడంలో ఉందని ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. అప్పుడు నాకు తోచింది వేరు: తెలివైన పిల్లలందరినీ ఏరి పెద్దసారు 'ఎ'లో పెట్టాడు. ఆ అనుమానం నాకు మందులా పనిచేసింది, మూడు రోజులు హాయిగా నిద్రపోయాను.

నాలుగో రోజు స్టాఫ్ రూంలో మేడం బల్ల మీద ఆమె పిల్లల కాగితాల కట్ట ఉంది. ఆమె క్లాసులో ఉంది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని కట్ట విప్పాను. ఎంత బాగున్నాయో చూడాలని కాదు, ఎన్ని తప్పులున్నాయో చూడాలని. ఆరో ఏడో కాగితం తీసేసరికి పైన పదో తరగతి 'బి' అని ఉంది. నా సెక్షన్! రోల్ నంబరు చూస్తే మూడో బెంచీలో గోడ వైపు కూర్చునే అమ్మాయి. అక్షరాలు ముద్దగా రాస్తుంది, నోరు విప్పదు. నాకు కొవ్వొత్తి ఇచ్చిన ముప్పై ఒక్కమందిలో ఆమె కూడా ఉంది. పూలు కూడా వేసింది, ఐదుకు నాలుగు మార్కులు ఇచ్చాను.

వాళ్లది నేత ఇల్లు. నేను కిరాయికి ఉన్న ఇంటికి రెండు సందుల అవతల. పొద్దున లేస్తే నా చెవిన పడేది మగ్గాల చప్పుడే. పదకొండేళ్లు ఆ చప్పుడులో కాఫీ తాగాను గానీ ఒక్కరోజు కూడా ఏ ఇంట్లోకీ తొంగి చూడలేదు. అందుకే ఆ కవితలో ఉన్న పని నాకు తెలియదు. రెండుసార్లు చదివితే అర్థమైంది.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు మొత్తం కోసేయరు. జానెడో మూరెడో మిగిల్చి మగ్గం మీదే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, దాని ఒక్కో పోగునూ పాతదాని ఒక్కో పోగుకు అతుకుతారు. వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. వేల పోగులు. ఆ తర్వాత పాత పోగులను ముందుకు లాగితే, అవి కొత్తవాటిని మగ్గానికి దువ్వెనలా ఉండే అచ్చులోని సన్నటి సందుల్లోంచి తమ వెంట లాక్కొస్తాయి. లేకపోతే అన్ని పోగులనూ మళ్లీ మొదటినుంచి ఒక్కొక్కటే దూర్చుకోవాలి. నేత మొదలయ్యాక ఆ పాత ముక్కతో పని ఉండదు. చీర కోసేటప్పుడు దాన్ని తీసి పక్కన పడేస్తారు.

ఆ అమ్మాయి రాసింది తొమ్మిది లైన్లు. ఇంగ్లీషులోవి, నాకు గుర్తున్నంతలో తెలుగులో ఇట్లా ఉంటాయి. పాత పోగుకు దారి తెలుసు. కొత్త పోగుకు తెలియదు. మా అమ్మ రెండింటినీ కలిపి మెలిపెడుతుంది. మా అమ్మ బొటనవేలు బూడిద రంగు. పాత పోగు ముందు నడుస్తుంది, కొత్త పోగు చెయ్యి పట్టుకుని వస్తుంది. చీర ఎవరి పెళ్లికో పోతుంది. పాత పోగు మా ఇంట్లోనే ఉంటుంది. దాన్ని ఎవరూ కట్టుకోరు. మా అమ్మ ఊడ్చేస్తుంది.

అంతే. ఓ లేదు, త్యాగం లేదు. నాకు కళ్లు చెమ్మగిల్లాయని రాయాలని ఉంది గానీ అది నిజం కాదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. నా పిల్ల, నా క్లాసులో కూర్చుని, నాకు కొవ్వొత్తి ఇచ్చి దీన్ని తీసుకెళ్లి ఆమెకు ఇచ్చింది!

మధ్యాహ్నం బెల్లు కాగానే ఆ అమ్మాయిని వరండాలోకి పిలిచాను. "గీ కవిత నాకెందుకియ్యలే?"

"మీకు కొవ్వొత్తి ఇచ్చిన గద సార్."

"గది అందరిచ్చిన్రు."

"గది ప్రాజెక్టు సార్. గిది ప్రాజెక్టు కాదు. మేడం అవతల చెప్తుంటె విని ఊకెనే రాసిన."

ఊకెనే రాసిందట! నేను అడిగితే రాసింది ఒకటి, ఎవరూ అడగకుండా రాసింది ఇంకొకటి. ఆ పిల్లను ఏమని తిట్టాలో తెలియక, "జడలు సరిగ్గ ఏసుకొని రా" అని పంపించేశాను. జడలు సరిగ్గానే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే మహబూబ్‌నగర్‌లో పిల్లల ఇంగ్లీషు కవితల పోటీ అని బడికి కాగితం వచ్చింది. మా ఊరు అప్పటికింకా ఆ జిల్లాలోనే ఉంది. ఒక బడి నుంచి ఒక్కరే పోవాలి. అక్కడ ఫస్టు వచ్చినవాళ్లు హైదరాబాదు వెళ్లి తమ కవిత చదువుతారు. 'ఎ' సెక్షన్ నుంచి తాళంకప్ప అబ్బాయి పోతాడని, మేడం వాణ్ణి వెంట పెట్టుకుని పోతుందని అనుకున్నాను. స్టాఫ్ రూంలో ఆమె దరఖాస్తు నింపుతూ నన్ను పిలిచింది.

"సార్, మీ పిల్ల రాసింది పంపుదాం. నా క్లాసుల గట్లాంటిది ఒక్కటి లేదు."

"ఆమె మీకే ఇచ్చింది గద మేడం" అన్నాను. నా గొంతు నాకే పుల్లగా వినిపించింది.

"ఎవరికిస్తె ఏంది సార్? ఐదేండ్లసంది ఆమెకు ఇంగ్లీషు చెప్పింది మీరు. ఒక్క స్పెల్లింగు తప్పు లేదు, సూడుండ్రి." గైడ్ టీచర్ అన్నచోట తన చేతివ్రాతతో నా పేరు రాసేసింది.

ఆమె గుంజుకుని ఉంటే బాగుండేది, పోట్లాడేవాణ్ణి. ఇచ్చేసింది. ఇచ్చేసేవాళ్లతో ఎట్లా పోట్లాడాలో నాకు తెలియదు. ఇందులో ఏదో మతలబు ఉంటుందని రెండు రోజులు వెతికాను. ఏమీ దొరకకపోయేసరికి ఇంకా కోపం వచ్చింది.

మూడో రోజు ఆ అమ్మాయిని పిలిపించి, ఎదురుగా నిలబెట్టుకుని ఎర్ర పెన్ను తీశాను. పది లైన్లు రాయొచ్చు, పిల్ల తొమ్మిదే రాసింది. అర్థం చెప్పకపోతే జడ్జీలకు ఎట్లా తెలుస్తుంది అనుకున్నాను. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం, ఆ కవితలో నాది కాని తొమ్మిది లైన్లున్నాయి, నాది ఒక్కటైనా ఉండాలి. రేపు ఎవరైనా చప్పట్లు కొడితే అందులో నా వంతు ఉండాలి. కింద రాశాను: ఇది మన గొప్ప తల్లుల త్యాగానికి, ఐకమత్యానికి సింబల్. చదువుకుంటే బ్రహ్మాండంగా ఉంది. ఇంకోసారి పైకి చదువుకున్నాను.

అమ్మాయి కాగితం తీసుకుని చూసింది. "సార్, గీ లైను..."

"గిది లేకపోతె తొమ్మిది లైన్లకు అర్థం లేదు."

"సరె సార్."

తర్వాతి వారం అడిగాను, మేడంకు చూపించావా అని. చూపించానంది. ఏమందని అడిగితే, "మంచిగున్నదన్నది సార్" అంది. ఆ మాట నన్ను నాలుగు రోజులు బతికించింది. హైదరాబాదు చదువు చదివిన మనిషి నా లైను బాగుందన్నదంటే తక్కువ సంగతా? ఆ నాలుగు రోజులూ మేడం మీద నాకు దాదాపు ప్రేమే కలిగింది. అమ్మాయి కూడా హుషారుగా ఉండేది. "సార్, హైదరాబాదుల ఎన్నొద్దులుంటం? చార్మినారు సూపిస్తరా?" అని అడిగేది. క్లాసులో పక్క పిల్లలకు అప్పుడే గాజులు తెస్తానని మాటిచ్చేసింది.

పోటీ రోజు పొద్దున ఆ అమ్మాయి, వాళ్లమ్మ, నేను మరికల్ మీదుగా పోయే బస్సెక్కాం. వాళ్లమ్మ ఒకరోజు మగ్గం ఆపి వచ్చింది. మేడం జడ్చర్ల నుంచి నేరుగా వచ్చి హాలు దగ్గర కలిసింది. హాలు నిండా పిల్లలు, టీచర్లు. జడ్జీ ఒక రిటైరైన లెక్చరరు, తెల్లటి గడ్డం, చేతిలో చిన్న పుస్తకం. మా ముందు చదివినవాళ్లలో ముగ్గురు కొవ్వొత్తి చదివారు. జిల్లా మొత్తంలో ఆ గైడు ఉన్నది నా ఒక్కడి దగ్గరే కాదని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

మా అమ్మాయి మైకు ముందుకు వెళ్లింది. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాం. కాగితం చూడకుండా చదివింది. మూడో లైను దగ్గర మా వెనకాల గుసగుసలు ఆగాయి. బూడిద రంగు బొటనవేలు దగ్గర జడ్జీ రాయడం ఆపి తలెత్తాడు. దాన్ని ఎవరూ కట్టుకోరు, మా అమ్మ ఊడ్చేస్తుంది అన్నప్పుడు నా పక్కన ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. నా ఛాతీ ఇంత వెడల్పయింది. ఇప్పుడు నాది వస్తుంది అనుకుంటూ నేనూ పెదవులు కదిపాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. తర్వాత పదో లైను చదివింది.

చదువుతుంటేనే నాకు వినిపించింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి నా ఇంగ్లీషు నా చెవికి వినిపించింది. ఎవరో వచ్చి మంచి నేతచీర మీద పోస్టర్ అంటించినట్టు ఉంది.

జడ్జీ కళ్లద్దాలు తీశాడు. "అమ్మా, తొమ్మిది లైన్లు వింటుంటె నాకు నోట మాట రాలె. పదోది ఎందుకొచ్చిందమ్మా? నీదేనా, ఎవరన్న రాసిచ్చిన్రా?"

ఆ పిల్ల మేం కూర్చున్న వైపు చూసింది. "నాదే సార్" అంది.

"గట్లయితె నువ్వు రాసింది నీకే సమజ్ కాలేదు బిడ్డా" అన్నాడాయన, మెత్తగానే. ఆమె తల ఊపి మెట్లు దిగింది.

ఫస్టు ఇంకో బడికి పోయింది. మా పిల్లకు అందరితోపాటు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ క్షణంలో నాకు సిగ్గేసిందని చెబితే వినేవాళ్లకు బాగుంటుంది. నాకు మొదట వచ్చింది అనుమానం. మేడమే జడ్జీతో ముందే చెప్పి ఉంటుంది అనుకున్నాను. పక్కకు తిరిగి చూస్తే ఆమె తలవంచుకుని తన చేతులు చూసుకుంటోంది. రెండోది, పిల్ల నా పేరు చెప్పలేదని ఊరట. సిగ్గు మూడోది. అది బస్సు ఎక్కాక గానీ రాలేదు.

సాయంత్రం నాలుగింటి బస్సు. మేడం జడ్చర్ల వైపు పోయింది, మేం ముగ్గురం ఇటు. వాళ్లమ్మ కిటికీ పక్కన, నడుమ ఆ పిల్ల, ఇవతలి సీటులో నేను. వాళ్లమ్మ ముందుకు వంగి నన్ను అడిగింది. "సారూ, మా బిడ్డ మంచిగ సదివిందా? నాకు ఇంగ్లీషు తెల్వదాయె. ఆ గడ్డం సారు ఏమన్నడు?"

"చాలా మంచిగ రాసిందన్నడమ్మా."

"మరి ఫస్టు రాకపాయె?"

"ఇంకో పిల్ల గూడ మంచిగ సదివింది" అన్నాను. ఆమె సరేనని తల వెనక్కి వాల్చింది. కొంచెం సేపటికి నిద్రపోయింది. ఒళ్లో పెట్టుకున్న కుడి చెయ్యి బొటనవేలు నిజంగానే బూడిద రంగులో ఉంది.

నేను గొంతు తగ్గించి పిల్లను అడిగాను. "నాదని ఎందుకన్నవ్?"

ఆ పిల్ల ఒళ్లో ఉన్న సర్టిఫికెట్ అంచులు సరిచేసుకుంది.

"మేడం మంచిగున్నదన్నదని చెప్పినవ్ గద నాకు?"

"తొమ్మిది లైన్లు మంచిగున్నయన్నది సార్. పదోది సార్‌ను అడిగి తీసెయ్యి, మీ సార్ ఏమనడు అన్నది."

"మరి అడగలేదేంది?"

"ఎట్ల అడుగుత సార్? మీరు రాసి రెండుసార్లు సదువుకున్నరు. మస్తు సంబురపడ్డరు."

"గది తీసేస్తె ఫస్టొస్తుండె. హైదరాబాదు పోతుంటివి."

"తెలుసు సార్."

"తెలిసి గూడ సదివినవా?"

ఆ పిల్ల సర్టిఫికెట్‌ను గుండ్రంగా చుడుతూ, అదేదో మామూలు మాట అయినట్టు చెప్పింది. "హైదరాబాదు మల్లెప్పుడన్న పోవచ్చు సార్. మీరు బాధపడితె ఎట్ల? మీరే గద మా సారు."

ఆ ఏడాదంతా నేను ఏడ్చింది ఈ ఒక్క మాట కోసమే. నా పిల్ల నన్ను తన సారు అనుకోవాలని. దొరికింది. వెల ఎంతో తెలిశాక దొరికింది. నేను ముఖం అటు తిప్పుకుని మరికల్ దాటేదాకా రోడ్డు పక్క జొన్న చేలు చూస్తూ కూర్చున్నాను.

మేడం మీద కుళ్లు ఆ రోజుతో పోయిందని చెప్పలేను. ఆమె బదిలీ అయి వెళ్లేదాకా కొంత ఉండనే ఉంది, ఇప్పటికీ ఎవరైనా ఆమె పేరెత్తి పొగిడితే లోపల చిన్నగా మంట లేస్తుంది. కానీ ఆ బస్సులో నేను కుళ్లుకున్నది మేడం మీద కాదు, పక్క సీటులో ఉన్న పిల్ల మీద. పదిహేనేళ్లది, నా కోసం హైదరాబాదు వదిలేసుకుని గాజుల సంగతి కూడా ఎత్తకుండా కూర్చుంది. నేను ఒక్క లైను వదులుకోలేకపోయాను.